ఎక్స్ అంటే ఎప్పుడూ అయిదేనా?

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు మధ్యాహ్నం. ట్యాంకరు వచ్చి వెళ్ళిపోయింది. ఊరి చివర కాలనీ మాది, కొళాయి లైను ఇంకా రాలేదు. డ్రమ్ము నింపుకుని, బిందెల మీద మూతలు పెట్టుకుని, తడిసిన కొంగు పిండుకుంటూ వరండాలో కూలబడ్డాను. అక్కడ మా చిన్నదీ, రెండిళ్ళ అవతల బట్టలు కుట్టే ఆమె కూతురూ లెక్కల నోట్సు ముందేసుకుని కూర్చున్నారు. ఆ పిల్లకి ఏడో తరగతి అయిపోయింది. లెక్కల్లో మాత్రం ఏదో గట్టెక్కింది. పెన్సిలు కొరుకుతూ నన్నడిగింది.

"అత్తా, ఎక్స్ అంటే ఎప్పుడూ అయిదే కదా?"

నాకు నవ్వొచ్చింది. నోట్సు తీసుకుని చూశాను. మొదటి లెక్క, ఎక్స్‌కి 3 కలిపితే 8. ఎక్స్ 5 అని రాసింది. బాగానే ఉంది. రెండో లెక్క, 2ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు 14. దాని కింద, "ఎక్స్ 5 కాబట్టి 2ఎక్స్ అంటే 25. లెక్క తప్పు" అని రాసుంది! పుస్తకంలోనే తప్పు పడిందని తేల్చేసింది అమ్మాయి.

నవ్వు ఆగిపోయింది నాకు. ఎందుకంటే ఆ పిల్ల బుర్ర పెట్టకుండా రాసింది కాదది. తన లెక్కలో తనకి న్యాయముంది. నిన్న ఎక్స్ అయిదని టీచరే చెప్పారు. ఇవాళ మాట మారిస్తే ఎలా? ఎక్స్ అనేవాడు ఒక మనిషైతే, వాడి వయసో ఎత్తో ఉన్నట్టు, వాడికో అంకె ఉంటుంది కదా! రెండు పక్కన అయిదు పెడితే ఇరవై అయిదు. ఒకటో తరగతి నుంచీ మనం నేర్పింది అదేనాయె.

నేను మేథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్‌తో డిగ్రీ చదివాను. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఫస్టు క్లాసు కూడా వచ్చింది. ఇప్పుడు సిగ్గు విడిచి ఒక సంగతి చెబుతాను. కంప్యూటర్ ల్యాబులో మొదటి నెలలోనే బోర్డు మీద ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ వన్ అని రాశారు. అదెలా కుదురుతుంది, ఒక అంకె తనకంటే ఒకటి ఎక్కువెలా అవుతుంది అని లేచి అడిగాను. "అదంతే, రాసుకో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తరవాత మూడేళ్ళూ నేను అడగలేదు. రికార్డు చూసి రాశాను, ప్రోగ్రాములు బట్టీ పట్టాను, పరీక్షలు పాసయ్యాను. పెళ్ళయింది. ఎక్స్ అలాగే మిగిలిపోయింది.

ఆ రోజు ఆ పిల్లకి చెప్పబోయేసరికి నాకు తోచింది మామిడిపండ్ల పద్ధతి. మనందరికీ తెలిసిందే. "3ఎ అంటే మూడు మామిడిపండ్లనుకో, 2బి అంటే రెండు అరటిపండ్లనుకో. మామిడీ అరటీ కలపలేం కదా, అందుకని 3ఎ ప్లస్ 2బి అలాగే ఉంచెయ్యాలి." ఆ పిల్ల శ్రద్ధగా విని, "మరి ఎ స్క్వేర్ అంటే మామిడిపండుని మామిడిపండుతో గుణిస్తారా అత్తా?" అంది. నేను లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చాను, జవాబు తోచక!

తరవాత చదివితే తెలిసింది, ఈ మామిడిపండ్ల జబ్బు మన ఒక్కళ్ళదే కాదు. 1970లలో ఇంగ్లండులో డీట్‌మర్ కూచెమాన్ అనే ఆయన 13, 14, 15 ఏళ్ళ పిల్లలు బీజగణితంలోని అక్షరాలని ఎలా అర్థం చేసుకుంటున్నారో పెద్దయెత్తున పరిశీలించారు. చాలామంది ఆ అక్షరాన్ని ఒక వస్తువనో, లేకపోతే దాచిపెట్టిన ఒకే ఒక అంకె అనో అనుకుంటున్నారు. అది ఏ విలువైనా తీసుకోగలదని గ్రహించినవాళ్ళు కొద్దిమందే. ఎ అంటే మామిడిపండు కాదు, మామిడిపండ్ల లెక్కో, ధరో, బరువో కావాలి. అంటే అంకె. ఆ తేడా మనం మింగేసి, పిల్ల మొద్దు అంటాం.

మాటకొస్తే మన తెలుగు మాటే చాలా నయం. వేరియబుల్ అని నోరు తిరగని మాట ఎందుకు, చరరాశి అన్నారు. చరాస్తి, స్థిరాస్తి అంటాం చూడండి, ఆ చరమే. కదిలేది, మారేది. ఇంకా వెనక్కి వెళితే భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో తెలియని రాశిని 'యావత్తావత్' అన్నాడు. ఎంతైతే అంత అని! రెండో దానికీ మూడో దానికీ రంగుల పేర్లు పెట్టారు మనవాళ్ళు. కాలకం, నీలకం, పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. ఎక్స్, వై, జెడ్‌లు 1637లో డెకార్ట్ అనే ఫ్రెంచి ఆయన పుస్తకంతో స్థిరపడినవి. 'ఎంతైతే అంత' అని చెప్పి ఉంటే ఆ పిల్ల ఎప్పుడూ అయిదేనా అని అడిగేదే కాదేమో. కానీ మన పుస్తకంలో చరరాశి అన్న మాట ఒకసారి నిర్వచనంలో కనిపించి, ఆ తరవాత అన్నీ ఎక్స్‌లే.

మా ఇంట్లో మావారి పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. మా తమ్ముడి కొడుకు దాంట్లో స్క్రాచ్ అని పిల్లల ప్రోగ్రామింగ్ ఒకటి ఎక్కించి వెళ్ళాడు. 2007లో అమెరికాలో ఎం.ఐ.టి. మీడియా ల్యాబులో మిచెల్ రెజ్నిక్ బృందం తయారుచేసింది. డబ్బు కట్టనక్కర్లేదు. ఒకసారి దింపుకుంటే నెట్టు లేకపోయినా పనిచేస్తుంది. ఆదేశాలు టైపు చెయ్యక్కర్లేదు, ముక్కల్లా ఉంటాయి. ఒకదాని కింద ఒకటి తగిలిస్తూ పోవడమే. దాంట్లో వేరియబుల్స్ అని నారింజరంగు పెట్టె ఒకటుంది. కొత్తది కావాలంటే ముందు పేరు అడుగుతుంది.

"ఏం పేరు పెడతావు?" అన్నాను.

"ఎక్స్" అంది భయంగా.

"నీ ఇష్టమొచ్చిన పేరు."

కాసేపు ఆలోచించి, ఇంగ్లీషు అక్షరాల్లోనే 'నీళ్ళు' అని కొట్టింది. తెరమీద చిన్న గళ్ళో నీళ్ళు అని, పక్కన సున్నా అని కనిపించింది. మొత్తం సంగతి అక్కడే ఉంది అనిపిస్తుంది నాకు. పేరు పిల్ల పెట్టాలి. విలువ కళ్ళెదుట కనబడాలి. పుస్తకంలో ఎక్స్‌కి ఈ రెండూ లేవు. పేరు ఎవరో పెట్టారు, విలువ చివరి పేజీలో దాక్కుంది.

డ్రమ్ముకి ఇరవై బిందెలు పడతాయి. నీళ్ళు 20 అని 'సెట్' చేసింది. బకెట్టు బొమ్మ నొక్కితే స్నానాలు, నలుగురికి నాలుగు బిందెలు తగ్గాలి. గిన్నెల బొమ్మ నొక్కితే ఒకటి, పొయ్యి నొక్కితే వంటకీ తాగడానికీ రెండు, చాకిరేవు బండ నొక్కితే బట్టలకి నాలుగు. తగ్గించడానికి 'ఛేంజ్' అని ఇంకో ముక్క. స్క్రాచ్‌లో నాకు నచ్చింది ఇది. ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ వన్ అని రాయనక్కర్లేదు. ఇంత పెట్టు, ఇంత మార్చు అని రెండు వేరువేరు మాటలు. ఈక్వల్ టు గుర్తుకి లెక్కల్లో 'రెండు వైపులా సమానం' అని అర్థం. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన దాన్ని పెట్టిందే అందుకు. నాలుగొందల ఏళ్ళ తరవాత 1957లో ఫోర్ట్రాన్ భాష వచ్చినప్పుడు అదే గుర్తుని 'కుడివైపు లెక్క చేసి ఎడమవైపు పేరులో రాయి' అనే ఆజ్ఞకి వాడారు. అప్పటినుంచీ చాలా భాషలు అదే బాట. గుర్తు ఒకటే, పని రెండు. నన్ను చూసి క్లాసంతా నవ్విన సంగతి ఇంతే! ఈ ఒక్క ముక్క ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే...

సరే. పిల్లలిద్దరూ బొమ్మలు నొక్కడం మొదలుపెట్టారు. మొదటి రోజు స్నానాలు, గిన్నెలు, వంట. 20 కాస్తా 13 అయింది. రెండో రోజు బట్టలు కూడా పడ్డాయి, 2 మిగిలింది. మూడో రోజు ట్యాంకరు సాయంత్రానికి గానీ రాదు. పొద్దున స్నానాలు కానిచ్చేశారు, గిన్నెలు కడిగారు. తెరమీద నీళ్ళు మైనస్ మూడు!

"కంప్యూటరు చెడిపోయింది" అంది మా చిన్నది. డ్రమ్ములో సున్నాకంటే తక్కువ నీళ్ళుంటాయా అని నేనూ చెప్పబోయాను. అప్పుడే ఆ పిల్లని పిలుచుకుపోదామని వాళ్ళమ్మ వచ్చి వెనక నిలబడి చూస్తోంది. ఆమె చదువు నాలుగో తరగతి.

"చెడిపోయిందేముందిమే! మూడు బిందెలు పక్కింట్లో బదులు తెచ్చుకున్నామని. ట్యాంకరొస్తే ముందు వాళ్ళవి వాళ్ళకు పోసేయల్ల" అంది.

పోసేస్తే ఎంతుంటుంది? ట్యాంకరు బొమ్మకి 'ఇరవై కలుపు' అని పెట్టి నొక్కారు. 17 వచ్చింది. అదే 'ఇరవైకి సెట్ చెయ్యి' అని పెడితే బదులు మాట మర్చిపోయి ఇరవయ్యే చూపిస్తోంది. పెట్టడానికీ కలపడానికీ తేడా ఏమిటో నేను చెప్పనక్కర్లేకపోయింది. అప్పు ఎగ్గొట్టే ప్రోగ్రాము, అప్పు తీర్చే ప్రోగ్రాము అని పేర్లు కూడా పెట్టుకున్నారు.

మా చిన్నది అంతటితో ఊరుకోలేదు, వాన కూడా పెట్టాలంది. ఎంత వాన? స్క్రాచ్‌లో తోచిన అంకె తీసే ముక్క ఒకటుంది, ఇన్నిట్లోంచి ఒకటి దానంతట అదే ఎంచుతుంది. సున్నా నుంచి మూడు అని పెట్టారు. పది రోజులు నొక్కితే తొమ్మిది సున్నాలు రావాలి, అప్పుడే అది మన ఊరు అని మావారు పేపరు చాటు నుంచి పరిహాసం. అనంతపురం సగటు వానపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల అని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ సగటు పుస్తకంలో కదలకుండా కూర్చునే అంకె. శెనక్కాయ వేసే రైతు చూసేది ఆ సగటు కాదు, ఇవాళ కురిసిన వాన నేలకి పదును అయిందా లేదా అన్నది. మా నాన్న ఏ వానకి ఎంత తడిసిందో పశువుల కొట్టం గోడమీద బొగ్గుతో రాసేవాడు. కింది గీత చెరిపి కొత్తది రాసేవాడు. ఆ గోడ తరవాత నాకు బాగా పనికొచ్చింది, చెబుతాను.

చరరాశి అంటే డబ్బా అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. నేనూ అదే చెప్పాను. వంటింట్లో కందిపప్పు అని చీటీ అంటించిన డబ్బా చూపించి, చీటీ మారదు, లోపలిది పెరుగుతుంది, తరుగుతుంది అన్నాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు పిల్లలకి నిన్న ఎన్ని నీళ్ళున్నాయో కూడా కనిపించాలని బుద్ధి పుట్టింది. 'నిన్న' అని ఇంకో పేరు పెట్టారు. పొద్దున్నే నీళ్ళలో ఉన్నది నిన్నలోకి వెయ్యి అన్నాను. ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడు నీళ్ళ డబ్బా ఖాళీ అయిపోదా అత్తా? మళ్ళీ నింపుకోవద్దా?"

చూశారా! డబ్బాలోంచి డబ్బాలోకి వంపితే మొదటిది ఖాళీ అవుతుంది. ఒకే డబ్బాలో ముందు పప్పు ఉండగా పైన ఇంకొంచెం పోస్తే రెండూ కలుస్తాయి. కానీ కంప్యూటరులో ఆ రెండూ జరగవు. నీళ్ళు విలువని నిన్నలోకి వేసినా నీళ్ళు అలాగే ఉంటుంది. నిన్నలో అంతకుముందు ఏమున్నా చెరిగిపోయి కొత్తది మాత్రం ఉంటుంది. నా డబ్బా ఉపమానం పిల్లని దారి తప్పించింది. అప్పుడు గుర్తొచ్చింది మా నాన్న గోడ. డబ్బా కాదే, పలక అన్నాను. రెండు పలకలు తెచ్చి ఒకదాని మీద 'నీళ్ళు' అని, ఒకదాని మీద 'నిన్న' అని పైన రాశాను. ఈ పలక చూసి ఆ పలక మీద రాసుకో. చూసి రాసుకున్నంత మాత్రాన ఇక్కడిది పోదు. కానీ రాసేముందు అక్కడున్నది చెరపాలి, చెరిపింది మళ్ళీ రాదు.

ఆ చివరి మాట కోసం ఒక పూట పోయింది. ముందు నీళ్ళు 20 నుంచి 13 కి మార్చేసి, తరవాత నిన్నలోకి నీళ్ళని వేశారు. రెండూ 13. నిన్నటి ఇరవై ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, చెరిగిపోయింది. ముందు నిన్న రాసుకుని, తరవాత ఇవాళ్టిది మార్చాలి. వరస మారితే బతుకు మారుతుంది. తాగే నీళ్ళ బిందె, వాడకం నీళ్ళ బిందె ఒకదాంట్లోవి ఒకదాంట్లోకి మార్చాలంటే మూడో బిందె ఉండాలని మన ఊళ్ళో ఏ ఆడపిల్లకీ చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళు పడి తాగేవి పాడయితే వీపు పగులుతుంది కదా. పలకలకీ అంతే, అంకెలు తారుమారు చెయ్యాలంటే మూడో పలక కావాలి. అది మాత్రం ఇద్దరూ ఒక్క నిమిషంలో పట్టేశారు.

ఇదంతా కొత్త కనిపెట్టుడు అనుకునేరు. 1967లోనే అమెరికాలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాష చేశారు. తాబేలు అని పిలిచే బొమ్మ ముందుకీ పక్కకీ కదులుతూ గీతలు గీస్తుంది. దాంట్లో పేరు చెప్పడానికి ఒక గుర్తు, ఆ పేరులో ఉన్న విలువ చెప్పడానికి రెండు చుక్కల గుర్తు. పేరు వేరు, పేరు కింద ఉన్నది వేరు అని మొదటి రోజునుంచీ పిల్ల వేలితో టైపు చేస్తుంది. పాపర్ట్ అంతకుముందు జెనీవాలో పియాజె దగ్గర పిల్లల ఆలోచనల గురించి పనిచేసిన మనిషి. 1980లో రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో ఆయన చెప్పేదాని సారాంశం నాకు అర్థమయినంతలో ఇది. చరరాశి అవసరం పిల్లకి ముందు కలగాలి, పాఠం తరవాత. చుట్టలు చుట్టుకుంటూ పెద్దదయ్యే బొమ్మ గియ్యాలని పిల్ల ఆశపడుతుంది. ప్రతి గీతా ముందుదానికంటే కాస్త పొడుగు కావాలి. ఎంత పొడుగో ఒక్కొక్కటీ రాస్తూ పోతే తెమలదు, అప్పుడు 'పొడుగు' అని ఒక పేరు కావాలనిపిస్తుంది.

అది చదివితే నాకు ముగ్గులే గుర్తొచ్చాయి. ఇలాంటి పేజీల్లోంచే కత్తిరించి దాచుకున్నాం కదా ఒకప్పుడు. '15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క' అని కింద ఉండేది. 7 చుక్కలయితే 4 వరకు. 5 అయితే 3 వరకు. నడి వరస ఎంతో చెబితే, దానికి ఒకటి కలిపి సగం చేస్తే చివరి వరస. రెండోది వేరే చెప్పనే అక్కర్లేదు! ముప్ఫై ఏళ్ళుగా ముగ్గులు పెడుతూ నేను ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు. పిల్లలు స్క్రాచ్‌లో 'నడివరస' అని ఒక పేరు పెట్టి చుక్కలు పెట్టించేటప్పుడు మా చిన్నది పట్టుకుంది. 15 పెడితే తెరమీద 169 చుక్కలు పడ్డాయి. నమ్మక, ముందు గదిలో సుద్దతో పెట్టి లెక్కపెట్టాం. సరిపోయింది. 16 పెడితే ఏమవుతుందని ఆ పిల్ల అడిగింది. చివరి వరస ఎనిమిదిన్నర చుక్కలట! నవ్వుకుని, నడి వరస బేసే ఉండాలని షరతు పెట్టారు. అన్నిసార్లూ మనసులో ఉండి నోటికి రాని షరతు అది.

ఇప్పుడు అసలు తిరకాసుకి వస్తాను. ప్రోగ్రాములో చరరాశి నిమిషానికోసారి మారుతుంది. లెక్కల పుస్తకంలో 2ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు 14 అన్నప్పుడు ఎక్స్ మారదు, అది ఏడే. రెండూ ఒకటేనని పిల్లకి చెబితే అబద్ధం చెప్పినట్టే. కంప్యూటరు నేర్పిస్తే లెక్కలు వాటంతట అవే వచ్చేస్తాయనేవాళ్ళ మాట నేను నమ్మను. మధ్యలో ఒక వంతెన కావాలి, అది పెద్దవాళ్ళు కట్టాలి. మాకు దొరికిన వంతెన ఇది. స్క్రాచ్‌లో చరరాశి గడిని జరిపే కడ్డీలా మార్చుకోవచ్చు, అటు ఇటు లాగితే విలువ మారుతుంది. ఆ పిల్ల చేత ఈసారి ధైర్యంగా 'ఎక్స్' అనే పేరు పెట్టించాను. ఇంకో పేరు 'రెండింతలు'. రెండుని ఎక్స్‌తో గుణించి అందులో రాస్తూ ఉండమని ఆదేశం. కడ్డీ 5 మీద పెడితే రెండింతలు 10. "ఇరవై అయిదు కాదే!" అంది. 20 మీద 40. వెనక్కి లాగుతూ వచ్చింది. ఏడు దగ్గర 14 పడింది. ఆగి, నా మొహం చూసి, నోట్సు తెచ్చుకుంది.

"ఎక్స్ ఎంతైనా కావచ్చు. ఎప్పుడు పద్నాలుగవుతుందో చెప్పమని అడుగుతాండారు. అంతేనా అత్తా?"

అంతే. పుస్తకంలో ఉన్న రెండు ఎక్స్‌లనీ కలిపే మాట అదే, నాకు మూడేళ్ళ డిగ్రీలో దొరకని మాట.

ఈ మాట పైకి చెబితే కోచింగుల వాళ్ళకి కోపమొస్తుందేమో. 2020లో కరోనా సెలవులప్పుడు పిల్లలకి కోడింగ్ నేర్పిస్తామని ఫోన్ల మీద ఫోన్లు. మీ బాబు యాప్ తయారుచేస్తాడు, రేపు కోట్లు సంపాదిస్తాడు అని. మా వీధిలోనే ఒకావిడ కొడుకు కోసం కమ్మలు కుదువపెట్టి కట్టింది. అబ్బాయి వాళ్ళు చెప్పినట్టు ముక్కలు తగిలించి ఒక ఆట చేశాడు. అందులో 'స్కోర్' అంటే ఏమిట్రా అంటే "సార్ పెట్టమన్నారు" అన్నాడు. కూతురుంది ఆవిడకి, అన్నకంటే చురుకైన పిల్ల. దానికెందుకు కట్టలేదని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కోడింగ్ పరిచయం చెయ్యాలని ఉంది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు. వస్తువులు ఇంటిదాకా వచ్చాయి. ఇంట్లో వాటి ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఎవరిని గిన్నెలు కడగడానికి లేపుతున్నాం అన్నది మనింటి వ్యవహారం. నేనూ మా చిన్నదాన్ని రెండుసార్లు లేపాను. పెద్దాణ్ణి లేపలేదు. రాస్తుంటే గుర్తొస్తోంది.

కంప్యూటరు లేదనే వాళ్ళకి ఒకటి చెబుతాను. నాలుగు పలకలు చాలు. పైన పేరు రాయండి, పిల్లతోనే పెట్టించండి. ఒకరు ఆదేశాలు చదవాలి, ఒకరు చెరిపి రాయాలి. ఒక్కో ఆదేశానికి ముందు ఇప్పుడేమవుతుందో పిల్లని చెప్పనివ్వండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి, పలకే దిద్దుతుంది. బాగా చిన్నపిల్లలకి స్క్రాచ్ జూనియర్ అని ఇంకోటుంది గానీ అందులో చరరాశులుండవు, కథలూ బొమ్మలూ ఆడుకోవడానికి బాగుంటుంది. పది పదకొండేళ్ళు వచ్చాకే ఈ గొడవ.

బడి తెరిచే ముందురోజు ఆ పిల్ల వచ్చి, అత్తా, ఇంకొక్క ప్రోగ్రాం అంది. ఈసారి పేరు 'ఛాతీ'. వాళ్ళమ్మ జాకెట్టు కత్తిరించేటప్పుడు ఛాతీ కొలతలో నాలుగో వంతు తీసుకుని, కుట్టుకీ వదులుకీ కలిపి అంగుళంన్నర చేరుస్తుంది. పదిహేనేళ్ళుగా నోటి లెక్కే. పిల్ల ఆ లెక్కని స్క్రాచ్‌లో పెట్టి, సాయంత్రం వాళ్ళమ్మని పిలుచుకొచ్చింది. ఆమె మెడలో టేపు అలాగే ఉంది.

"34" అంది వాళ్ళమ్మ పరీక్ష పెడుతున్నట్టు. తెరమీద 10 వచ్చింది.

"38." 11.

"36." పదిన్నర.

ఆమె టేపు కొస వేలికి చుట్టుకుంటూ కాసేపు తెర వైపే చూసింది. పదో తరగతి కాగానే పిల్లని మిషను మీద కూర్చోబెడతానని, లెక్కలు రానప్పుడు ఇంక చదివేం చేస్తుందని, వేసవి మొదట్లో ఆమే నాతో అంది.

"అక్కా, ఇంటర్లో లెక్కల గ్రూపుకు కాలేజీలో ఫీజు ఎంత కట్టల్ల?" అని అడిగింది.

నాకు తెలీదు. కనుక్కుని చెబుతానన్నాను.